వదిన కోళ్ళ గూడు

మా అన్నయ్యది ఎముక లేని చెయ్యి. ఇది నేనన్న మాట కాదు. వీధి అంటుంది, ఆయన పనిచేసే బస్సు డిపో అంటుంది. నేను పనిచేసే ఇనుప సామాను దుకాణం దాకా వచ్చి, గుప్పెడు మేకులు కొని, "మీ అన్న దానకర్ణుడమ్మా" అని చెప్పి మరీ పోతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకంటే ఆయన ఇచ్చినవేవీ ఆయనవి కావు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, మా ఇంట్లో దానికి అత్తా అల్లుడూ అక్కర్లేదు. పెళ్ళాం సొమ్ము మొగుడు దానం చేస్తాడు.

వదిన కుట్టు మిషను ఎవరో డ్రైవరు భార్యకి పోయింది. వాళ్ళక్క అల్లి పంపిన ఉన్ని శాలువా, డిపోలో ఎవరో చలికి వణుకుతున్నాడని పోయింది. మడత కుర్చీ పోయింది. నడి వానాకాలంలో గొడుగు పోయింది. అన్నీ వదిన పనిలో ఉన్నప్పుడే పోయేవి. ఆవిడ ఇంటికొచ్చి వెతుక్కుంటుంటే మా అమ్మ మంచం మీద నుంచే, "వాడు ఎవరికో ఇచ్చాడులే, వెతక్కు" అనేది. పాలు పిల్లి తాగిపోయిందని చెప్పినంత మామూలుగా.

వదినకి నోట్లో నాలుక లేదని అందరూ అనుకుంటారు. ఉంది. వాడదు. ఆవిడ పనిచేసేది పెద్దాసుపత్రి లాండ్రీలో. ఆ యంత్రాల హోరులో అరిచినా పక్కవాళ్ళకి వినపడదు, అందుకని అక్కడి ఆడవాళ్ళంతా నోరు కట్టేసుకుని చేతులతో బతుకుతారు. రోగుల దుప్పట్లు, ఆపరేషను గుడ్డలు, నెత్తురు మరకలు, మందు మరకలు. బ్లీచింగు నీళ్ళలో నాని నాని వదిన వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకోవు. తువ్వాలు, దిండు గలేబు, ఆఖరికి చదివేసిన పేపరు కూడా నాలుగు మూలలూ కలిపి మడుస్తుంది. కోపం వస్తే ఇంకా గట్టిగా మడుస్తుంది. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాను కాబట్టి ఆ మడతను బట్టి ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలిసిపోతుంది.

ఇక కుక్క సంగతి. డిపోలో ఎవరో పెద్ద కుక్కని పెంచుతున్నారని అన్నయ్య కూడా ఒక కూనని తెచ్చాడు. దానికి ఇల్లు కావాలన్నాడు. డిపో వెల్డరు చేత పాత బస్సుల ఇనుముతో మనిషెత్తు గూడు కట్టించాడు. చుట్టూ కడ్డీలు, పైన రేకు, లోపల పడుకోవడానికి చెక్క పెట్టె, కింద సిమెంటు. వీధిలో వాళ్ళని పిలిచి చూపించాడు. అక్కడితో ఆయన పని అయిపోయింది. తిండి వదిన, స్నానం వదిన, జ్వరమొస్తే మందు వదిన. పేరుకి కుక్క ఆయనది, వెంట తిరిగేది ఈవిడ కొంగు పట్టుకుని.

ఒకరోజు వదిన ఆసుపత్రి క్యాంటీను నుంచి ఎముకల పొట్లం పట్టుకుని వచ్చేసరికి గూడు తలుపు బార్లా తీసి ఉంది. నేను అప్పుడే అమ్మకి మందులిద్దామని వచ్చాను.

"కుక్కేది?" అంది వదిన.

"గోడౌను కాపలా అతను తెగ మెచ్చుకున్నాడు. ఇచ్చేశాను" అన్నాడు అన్నయ్య, కాళ్ళు చాపుకుని. "అక్కడ దానికి బోలెడంత చోటు. మనింట్లో ఏముంది దానికి?"

"నేనున్నాను కదా" అంది వదిన.

అన్నయ్య నవ్వాడు. అదే నా ఒళ్ళు మండించింది. ఇవ్వడం కాదు, ఆ నవ్వు.

"నీకు సిగ్గుందా అన్నయ్యా? అడగవా? పెంచిన మనిషిని ఒక్క మాట అడగవా?" అని నేను లేచాను.

"ఇదిగో, తుపాకీ పేలింది" అన్నాడు అమ్మతో. మా ఇంట్లో నా పేరు అదే. అమ్మ కూడా నవ్వింది. వదిన ఎముకల పొట్లాన్ని నాలుగు మూలలూ కలిపి మడిచి, ఇంకా చిన్నగా మడిచి, చెత్తబుట్టలో వేసింది.

ఆ వారం సెలవునాడు కాపలా అతను బండి కట్టించుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి గూడు కోసం. మా దొరగారు అది కూడా మాటిచ్చేశారు! నేను దొడ్లోకి వెళ్ళేసరికి వదిన గూడు లోపల చెక్క పెట్టె మీద కూర్చుని ఉంది. చేతిలో స్పానరు. తలుపు లోపలి నుంచి తీగతో బిగించేసింది.

"గూడు కూడా తీసుకెళ్ళమన్నారమ్మా సారు" అన్నాడు అతను, చెయ్యి నెత్తికి రాసుకుంటూ.

"తీసుకెళ్ళండి. నేను లోపలే ఉంటాను" అంది వదిన.

పాపం, అతని తప్పేముంది? బండి వెనక్కి తిప్పుకుని పోయాడు. అన్నయ్య మొహం కందగడ్డ అయింది.

"కుక్క లేని గూడుతో నీకేం పనే?"

"కోళ్ళు పెంచుతాను."

"కోళ్ళా! ఎవరిని అడిగి?"

వదిన సమాధానం చెప్పలేదు. నేను చెప్పాను, కానీ అది ఇక్కడ రాయదగ్గ మాట కాదు.

మధ్యాహ్నం నేను అడిగాను. "కోళ్ళెందుకు వదినా, ఇంకో కుక్కని తెచ్చుకోరాదూ?"

"కుక్కని తెస్తే అది ఇంటికందరిదీ అంటారు. మళ్ళీ ఇచ్చేస్తారు." కొంగు కొస మడుస్తూ అంది, "ఈ ఇంట్లో ఒక్కటి నాదని ఉండాలమ్మాయ్. నేనిస్తేనే పోవాలి, నేనివ్వనంటే ఉండాలి. ఒక్కటి చాలు."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది, కాబట్టి దుకాణానికి పోయి జాలీ చుట్ట భుజాన వేసుకుని వచ్చాను.

కుక్క గూడు కోళ్ళకి పనికొస్తుందనుకోవడం తేలికే. పనిలోకి దిగాక తెలిసింది. కుక్క గూడు అంటే లోపలిది బయటికి పోకుండా కట్టేది. కోళ్ళ గూడు బయటివి లోపలికి రాకుండా కట్టాలి. కడ్డీల మధ్య నాలుగేసి వేళ్ళ సందు. అందులోంచి పిల్లి చెయ్యి పెడుతుంది, ఎలుక ఏకంగా కాపురమే పెడుతుంది. అందుకని చుట్టూ చిన్న కన్నుల జాలీ తొడిగాం. ప్రతి కడ్డీకీ తీగ చుట్టి, మెలిపెట్టి, కొసలు లోపలికి గుచ్చుకోకుండా వంచాం. రేకుకీ కడ్డీలకీ మధ్య సందులో చెక్క ముక్కలు కొట్టాం. చెక్క పెట్టెని ఇటుకల మీదికి ఎత్తి, పక్కన రంపంతో కోసి కిటికీ పెట్టి, దానికీ జాలీ వేశాం. లాండ్రీలో పారేసిన తుడుపుకర్ర ఒకటి వదిన తెచ్చింది. రాత్రి కోళ్ళు ఎక్కి పడుకోవడానికి దాన్ని అడ్డంగా బిగించాం. గుడ్లు పెట్టడానికి రెండు పళ్ళ పెట్టెలు.

పగలు కోళ్ళు తిరగడానికి ఆవరణ కావాలి కదా. అటకమీద మా అమ్మ పాత ఇనప మంచాలు రెండున్నాయి. వాటి చట్రాలు విప్పి నిలబెట్టి, గోడకీ గూటికీ మధ్య కంచెలాగా బిగించి, పైనా పక్కలా జాలీ కప్పాం. అడుగున జాలీ అంచుని బయటివైపుకి వంచి మట్టిలో పూడ్చి, పైన రాళ్ళు పెట్టాం, ఏ జంతువూ తవ్వుకుని రాకుండా. నా గోళ్ళు రెండు విరిగాయి. వదిన మోచేయి గీరుకుంది.

ఇంత జరుగుతుంటే మా దానకర్ణుడు అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుని సలహాలు దానం చేశాడు. "ఆ మేకు వంకరపోయింది చూడు." "అటు కాదు, ఇటు లాగాలి." ఒక దెబ్బకి సుత్తి ఆయనకేసి విసిరేదాన్నే, వదిన నా చెయ్యి పట్టుకుంది. "సుత్తి దుకాణానిది" అంది.

చివర్న వదిన తలుపుకి తాళం వేసింది. మా దుకాణంలో ఉన్న వాటిల్లోకెల్లా గట్టి తాళంకప్ప. తాళం చెవి తాడుకి గుచ్చి మెళ్ళో వేసుకుంది. దాంతో ఇంట్లో నిప్పు రాజుకుంది.

"నా ఇంట్లో నాకే తాళమా?" అని అన్నయ్య.

"మగవాణ్ణి వీధిలో తలెత్తుకోనివ్వవా?" అని అమ్మ.

"మరీ అంత పిసినారితనం ఏమిటమ్మా?" అని పక్కింటావిడ, వదిన గొడుగు వేసుకుని వచ్చి మరీ!

దాణా దుకాణం ఆవిడ దగ్గర నాలుగు పెట్టల్ని తెచ్చింది వదిన. మూడు సాధువులు, ఒకటి నల్లది. చెయ్యి పెడితే పొడుస్తుంది, కన్ను తిప్పి చూస్తుంది. దానికి రాక్షసి అని పేరు పెట్టాను. వదిన మురిసిపోయింది. మురిసిపోయి ఏం చేసిందో తెలుసా? రోజూ పొద్దున్నే గూడంతా బ్లీచింగు నీళ్ళతో కడిగేది. ఆసుపత్రి గచ్చు తళతళలాడినట్టు ఆ సిమెంటు తళతళలాడేది. ఘాటుకి నాకే కళ్ళు నీళ్ళు కారేవి. కొన్నాళ్ళకి కోళ్ళు తుమ్మడం మొదలెట్టాయి. ఒకటి మూల ముడుచుకుని కూర్చుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని దాణా దుకాణానికి పరిగెత్తాం.

ఆవిడ కోడిని వాసన చూసి, తర్వాత వదిన చేతులు వాసన చూసింది. "ఇది వార్డు కాదమ్మా, కోళ్ళ గూడు! తడి పడకూడదు. రంపపు పొట్టు పరిచి పొడిగా ఉంచు. ఎవరైనా కోడిని బ్లీచింగులో పెంచుతారా?" అని కసిరింది. వదిన ఆ తిట్లన్నీ తలూపుతూ విని, వచ్చేటప్పుడు వడ్రంగి కొట్టు దగ్గర బస్తాడు పొట్టు మోసుకొచ్చింది. కోడి తేరుకుంది.

గుడ్లు మొదలయ్యాయి. మొట్టమొదటి గుడ్డు ఎవరికిచ్చిందనుకున్నారు? అన్నేసి మాటలన్న మా అమ్మకి. తర్వాత లాండ్రీలో ఒంట్లో బాగోలేని మనిషికి. గొడుగావిడక్కూడా రెండు. నాకు పళ్ళు నూరుకోవడమే సరిపోయింది.

"వాళ్ళకెందుకు వదినా?"

వదిన మొహం వెలిగిపోతోంది. "ఇవ్వడం ఇంత బావుంటుందా అమ్మాయ్? నాకెప్పుడూ వంతు రానేలేదు" అంది.

ఆ మాటకి నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

తర్వాత రాక్షసి పొదుగుకి కూర్చుంది. ఈకలు ఉబ్బించుకుని, పెట్టెలోంచి కదలదు, తిండికి కూడా అరనిమిషమే. మా ఇంట్లో పుంజు లేదు కాబట్టి దాణా దుకాణం ఆవిడ పుంజున్న గుంపులోంచి గుడ్లిచ్చింది. వదిన అవి దాని కింద ఒక్కొక్కటీ జారవిడిచింది. దీపం ఎదురుగా పెట్టి చూస్తే లోపల నరాలు కనిపించాయి. ఇక పిల్లలయ్యే రోజులు దగ్గర పడ్డాయనగా, దుకాణం భోజనం విరామంలో ఒకసారి చూసిపోదామని వెళ్ళాను.

తాళం వేసినట్టే ఉంది. గొళ్ళెం పెట్టినట్టే ఉంది. తలుపు మాత్రం గోడకి ఆనించి ఉంది. అన్నయ్య తలుపు బందుల బోల్టులు విప్పేశాడు! కట్టించినవాడు ఆయనే కదా, ఎక్కడ విప్పాలో తెలుసు. లోపల ఒక్క కోడి లేదు. పెట్టెలో గుడ్లున్నాయి, దిక్కులేకుండా.

"అమ్మా!" అని నేను అరిచిన అరుపుకి పక్కిల్లు కూడా లేచి ఉంటుంది.

"ఎందుకే ఆ కేకలు? వాళ్ళ డిపో మేనేజరుకి బదిలీ అయిందట. సాయంత్రం విందుకి కోళ్ళు నేనిస్తానని మీ అన్న మాటిచ్చాడట. ఇచ్చిన మాట పోతుందా మరి?"

"పొదుగు మీదున్న దాన్ని కూడానా? నీ కళ్ళ ముందు పట్టుకుపోతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"మగాడు ఇస్తానన్నాక..."

నేను వినలేదు. గుడ్ల మీద చెయ్యి పెట్టాను. ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. కొంగులో వేసుకుని లోపలికొచ్చి, అమ్మ ఒళ్ళో పెట్టి, చుట్టూ కంబళి కప్పి, వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన దూర్చాను.

"ఏమిటే ఇది?"

"నీ కొడుకు చేసిన నిర్వాకం. నువ్వే పొదుగు. కదిలావో, నీకూ నాకూ మాటల్లేవు" అన్నాను. అమ్మ బిత్తరపోయి, రెండు చేతులూ కంబళి మీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

వీధి చివరికి వెళ్ళి నిలబడ్డాను. వదిన పొద్దుటి డ్యూటీ దిగి ఆసుపత్రి నుంచి నడిచొస్తోంది, ఇంకా లాండ్రీ దుస్తుల్లోనే. చెప్పాను. ఆవిడ ఇంటికేసి కూడా చూడలేదు.

"మేనేజరు ఇల్లెక్కడ?" అంది.

"డిపో వెనక. వదినా, ఇచ్చింది తిరిగి అడిగితే..."

"నేనెప్పుడిచ్చాను?" అంది, నడుస్తూనే.

మేనేజరింట్లో సామాన్లు సర్దిన అట్టపెట్టెలు గుమ్మం దాకా ఉన్నాయి. ఆయన భార్య తలుపు తీసి, వదినని చూసి వంటకి పిలిపించిన మనిషి అనుకుంది. "వెనక నుంచి రామ్మా" అంది. సరే, వెనక నుంచే వెళ్ళాం. అక్కడ వంటమనిషి ఈకలు పీకుతున్నాడు. సాధువుల్లో ఒకటి అప్పటికే అయిపోయింది. మిగతా రెండూ కాళ్ళు కట్టేసి నేలమీద. రాక్షసి ఒక బుట్ట కింద. వంటమనిషి చేతికి గుడ్డ కట్టు ఉంది. అది పొడిచిందట, ఆఖర్న చూద్దామని వదిలేశాడట. నా తల్లి!

వదిన వంగి కోళ్ళ కాళ్ళ కట్లు విప్పడం మొదలెట్టింది.

"అయ్యో, అదేమిటి? అవి మీ ఆయన ఇచ్చారు కదమ్మా!" అంది మేనేజరు భార్య, ఇప్పుడు గుర్తుపట్టి.

"ఆయనిచ్చారు. నేనివ్వలేదు. కోళ్ళు నావి."

"ఇచ్చినవి తిరిగి పట్టుకుపోతారా ఎవరైనా? ఇంటికి భోజనానికి జనం వస్తున్నారు!"

వదిన లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. నేనయితే పైకప్పు ఎగరగొట్టేదాన్ని. "ఇన్నాళ్ళూ ఎవరూ తిరిగి అడగలేదండీ. అడక్కపోబట్టే ఇలా అయింది. మా ఇంట్లోంచి ఏది పోయినా నాదే పోయింది, పేరు మాత్రం ఆయనది" అంది. ఈకలు పీకిన కోడి వంక చూసింది. "దాన్ని మీరే వండుకోండి. అది ఎవరి కోడో మాత్రం తినేవాళ్ళకి చెప్పండి."

రాక్షసిని బుట్టలో వేసి, గుడ్డ కప్పి నా నెత్తికెత్తి, తను చెరో చంకలో ఒక కోడిని పెట్టుకుంది. బుట్ట మేనేజరు వాళ్ళది. నేను తిరిగివ్వలేదు, ఇవ్వను కూడా.

ఇంటికొచ్చేసరికి అమ్మ పెట్టిన చోటే ఉంది. "కాళ్ళు తిమ్మిరెక్కాయి. కదల్లేదు" అంది, మమ్మల్ని చూడకుండా. వదిన గుడ్లు ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టింది. రాక్షసిని వదిలితే అది గూడంతా రెండు చుట్లు తిరిగి, మా ఇద్దర్నీ తిట్టి, వెళ్ళి గుడ్ల మీద సర్దుకుంది. మేం తలుపు మళ్ళీ బిగిస్తుంటే అన్నయ్య వచ్చాడు. డిపోలో అప్పటికే పాకిపోయింది.

"నా పరువు తీశావు! మేనేజరు మొహం ఎలా చూడను? నలుగురిలో నవ్వులపాలు చేశావు కదే!"

వదిన స్పానరు కింద పెట్టలేదు.

"కోడి కోసం ఇంత రభసా? అడిగితే నువ్వివ్వవనే కదా చెప్పకుండా తీసుకెళ్ళింది!"

"మీరెప్పుడు అడిగారు?" అంది వదిన. "కుట్టు మిషను అడిగారా? శాలువా అడిగారా? కుక్క సంగతి అడిగారా? ఒక్కసారి అడిగి చూడాల్సింది. ఇచ్చేదాన్నేమో."

"అంటే నేనిక ఎవరికీ ఏమీ ఇవ్వకూడదా?"

"ఇవ్వండి. మీది ఏదైనా ఉంటే ఇవ్వండి."

అన్నయ్య దొడ్డంతా చూశాడు. తీగమీద ఆరేసిన బట్టలు, కుండీలు, కోళ్ళు. గుమ్మంలోంచి లోపలికి చూశాడు. ఏది ముట్టుకున్నా తెచ్చిందో, ఉతికిందో, నీళ్ళు పోసిందో, బాగుచేయించిందో ఆవిడే. ఆయన మొహంలో రంగు పోయింది. నాకు జాలి వేస్తుందేమోనని ఎదురుచూశాను. వెయ్యలేదు. అమ్మ మాత్రం లోపలి నుంచి, "అది అన్నదాంట్లో తప్పేముందిరా?" అంది. అరవయ్యేళ్ళు దాటాక మొదటిసారి!

గుడ్లలో కొన్ని చల్లబడిపోయాయి, పగల్లేదు. మిగిలినవి పిల్లలయ్యాయి. అన్నయ్య చాలాకాలం దొడ్డివైపు రాలేదు, వదినతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఆవిడ బతిమాలలేదు. పిల్లలు కాస్త ఈకలు తొడిగాక, ఒక సాయంత్రం డిపో కండక్టరు ఒకాయన అరుగు దగ్గర ఆగాడు. నేనక్కడే కూర్చుని ఉన్నాను.

"ఏం దానకర్ణా, కోడిపిల్లలు ముద్దుగా ఉన్నాయట! మా ఇంటికి ఒక జత ఇవ్వరాదూ?"

అన్నయ్య పేపరు మడిచాడు. మొహం చిట్లించాడు.

"నావి కావు" అన్నాడు, వీధికంతా వినపడేలా, విసుగ్గా. "దొడ్లో ఉంది, ఆవిణ్ణి అడుగు."

కండక్టరు నవ్వుతూ దొడ్లోకి వెళ్ళి, చేతులు కట్టుకుని, మర్యాదగా అడిగాడు.

వదిన పిల్లల్ని చూసింది, ఆయన్ని చూసింది, తాళం చెవి మెళ్ళో సర్దుకుంది.

"ఇవ్వనండీ" అంది.